పాల చీటీని చదువుకొనుడు

పత్తి, మిరప డబ్బు ఏడాదికొకమారు వచ్చును. ఇల్లు గడచునది పాలతో. 2020 డిసెంబరులో ప్రకాశము జిల్లాలో పాలవెల్లువ పథకము మొదలైనపుడు, వెన్నశాతము కొలిచి చీటీ నిచ్చు యంత్రములు పల్లెలకు వచ్చెను. యంత్రము మంచిదే. కాని అది తనకు పోసిన కొద్దిపాటి పాలనే కొలువగలదు. మీగడ పైకి తేలును గనుక, కలియబెట్టక అడుగునుండి తీసిన నమూనాలో వెన్న తగ్గును. కిలో వెన్నకు 800 రూపాయలనుకొందము. 10 కిలోల గేదెపాలకు 7 బదులు 6.5 శాతము పడినచో 50 గ్రాముల వెన్న, అనగా పూటకు 40 రూపాయలు నష్టము! మీ యెదుటనే పాలు కలిపించి నమూనా తీయించుడు.

చివరి ధారలలోనే వెన్న హెచ్చు. కావున దూడకు ముందు పాలు విడిచి, పొదుగు పూర్తిగా పితుకవలెను. ఎండుమేత బొత్తిగా తగ్గించినను వెన్న పడిపోవును. యంత్రములో ఆవుపాలకు, గేదెపాలకు వేరువేరు మీటలుండును. చీటీలో ఏది పడినదో చూచుకొనుడు.