తుపాకీ తుస్సుమంది... బుల్లి రోబో గెలిచింది!

2024 సెప్టెంబరు 6. సోనీ వారి ప్లేస్టేషన్ 5 లో ఆ ఒక్కరోజే రెండు విశేషాలు జరిగాయి. ‘కాంకర్డ్’ అనే తుపాకుల ఆట మూతపడింది. విడుదలై అప్పటికి సరిగ్గా రెండు వారాలు! కొన్నవాళ్ళకి డబ్బు వాపసు ఇచ్చేశారు. అదేరోజు ‘ఆస్ట్రో బాట్’ విడుదలైంది. ఓ బుల్లి రోబో గెంతుతూ, దూకుతూ, తప్పిపోయిన తోటి రోబోల్ని వెతికి తెచ్చుకునే ఆట. ఆ డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’ వారి ‘ఆ ఏటి మేటి ఆట’ బహుమతి కొట్టేసింది కూడా ఈ బుడతడే!

సినిమా పత్రికలో ఈ ఆటల గొడవేమిటంటారా? రోగం ఒకటే గనక. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఆడేసరికి మన తెరమీద గుర్రాలకీ, టోపీలకీ కొన్నాళ్ళు తీరిక లేకపోయింది కదా! అక్కడా అంతే.

2001 నవంబరు 15న అమెరికాలో మైక్రోసాఫ్ట్ తన మొదటి ఎక్స్‌బాక్స్‌ని ‘హేలో’ ఆటతో కలిపి దించింది. తుపాకుల ఆట అంటే కంప్యూటరు, కీబోర్డు, మౌసు వుండాల్సిందే అనుకునే రోజులవి. 1997లో నింటెండో 64 మీద జేమ్స్‌బాండ్ ‘గోల్డెన్ ఐ’ ఆ మాట కొంత చెరిపింది. ‘హేలో’ పూర్తిగా తుడిచేసింది. ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో చూపు, చూపుడువేలికి ట్రిగ్గరు. నొక్కిన మరుక్షణం ఫలితం! పైగా పక్కన స్నేహితుడు. ఇంతకంటే మాస్ ఏం కావాలి? 2007లో ‘హేలో 3’ ఒక్క అమెరికాలోనే తొలిరోజు 17 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఇక చూడండి తమాషా! 2004లో సోనీ ‘కిల్‌జోన్’ వస్తుంటే, ‘హేలో’ని చంపేది ఇదేనని పత్రికలు ముందే పేరంటం చేసేశాయి. అది చావలేదు. 2006లో సోనీదే ‘రెసిస్టెన్స్’, మైక్రోసాఫ్ట్‌దే ‘గేర్స్ ఆఫ్ వార్’. అందరిచేతా తుపాకులే.

తుపాకి మీద నాకు కోపమేం లేదండోయ్. ‘కాంకర్డ్’ పోయిన ఏడాదే, ఫిబ్రవరిలో, అదే సోనీ తెచ్చిన ‘హెల్‌డైవర్స్ 2’ కంప్యూటర్‌తో కలిపి 12 వారాల్లో 1 కోటీ 20 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అదీ కాల్పుల ఆటే. కాకపోతే మీ గుండు మీ స్నేహితుడికే తగిలి అతగాడు ఎగిరిపడితే నవ్వాపుకోలేరు!

నా బాధ వేరు. మనవాళ్ళు ఇంట్లో నాన్నగారిని బతిమాలి కొనిపించుకునేది ఒక్కటే యంత్రం. దాంట్లో తప్ప ఇంకెక్కడా ఆడని ఆటలు, అంటే ‘ఎక్స్‌క్లూజివ్’లు ఏమున్నాయన్నదే అసలు లెక్క. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఇటు ప్లేస్టేషన్‌లోనూ వుంది, అటు ఎక్స్‌బాక్స్‌లోనూ వుంది. ఊళ్ళో అన్ని హాళ్ళలో ఆడే బొమ్మకి ఫలానా హాలుకే పోవడం దేనికి? అంతెందుకు, 2025 ఆగస్టులో ‘గేర్స్ ఆఫ్ వార్’ ప్లేస్టేషన్‌కి వచ్చేసింది. అక్టోబరులో ‘హేలో’ కూడా వస్తుందని ప్రకటించారు. హీరోగారే పక్క బ్యానర్‌కి కాల్షీట్లు ఇచ్చేశాక మిగిలేదేమిటి?

ఈ విషయంలో నింటెండోవారే గడుసు. వాళ్ళ దగ్గర గెంతే మారియో వున్నాడు. చేపలు పట్టుకుంటూ, పూలమొక్కలు పెంచుకుంటూ కాలక్షేపం చేసే ‘యానిమల్ క్రాసింగ్’ వుంది. 2020లో వచ్చిన ఆ నెమ్మది ఆట 4 కోట్ల ప్రతులు దాటింది! తుపాకుల ఆట కూడా చేశారు, కానీ వాళ్ళ తరహాలో. 2015 నాటి ‘స్ప్లటూన్’లో గుండ్లు వుండవు, రంగు సిరా. ఎదుటివాణ్ణి పడగొట్టడం కన్నా నేలంతా మీ రంగు పూయడం ముఖ్యం. ఆ సిరాలోనే చేపలా మునిగి ఈదొచ్చు కూడా. గురి కుదరని చిన్నపిల్లలూ నేలకి రంగుకొట్టి జట్టుని గెలిపిస్తారు. 2022లో మూడో భాగం జపానులో మూడు రోజుల్లో 34 లక్షల 50 వేలు అమ్ముడైంది.

నాకైతే తెగ నచ్చింది. మా ఆవిడ మాత్రం ఓ అయిదు నిమిషాలు చూసి, “అదంతా కడిగేదెవరండీ?” అంది.