పోర్షే 911 గేర్‌బాక్స్ టేర్‌డౌన్: షోపీస్ చేద్దామని విప్పితే ఏమైందంటే...

ఇప్పటిదాకా ఇక్కడ ఫోన్ల బ్యాక్ ప్యానెల్స్ ఊడదీయడం చూశారు. ఈసారి కాస్త బరువైన ఐటమ్. 1970 నాటి పోర్షే 911 గేర్‌బాక్స్. ఇద్దరం పట్టుకుంటే గానీ టేబుల్ ఎక్కలేదు.

ముందు నా సంగతి. చదివింది బీటెక్ మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మన దగ్గర ఇదేం కొత్త కథ కాదు కదా! కాలేజీ ల్యాబ్‌లో గేర్‌బాక్స్ అంటే ఎరుపు, పసుపు పెయింట్ వేసిన కట్ సెక్షన్ మోడల్. దూరం నుంచి చూసి రికార్డులో బొమ్మ గీశాం, వైవాలో పేర్లు అప్పజెప్పాం. ఉద్యోగం మీద స్టుట్‌గార్ట్ వచ్చాక ఆ బాకీ తీర్చుకునే ఛాన్స్ దొరికింది. డిఫరెన్షియల్ వైపు కేసు పగిలిన గేర్‌బాక్స్ ఒకటి చవగ్గా అమ్మకానికి వచ్చింది, కొనేశాను. ప్లాన్ సింపుల్: గ్రైండర్‌తో కేసుకి కిటికీ కోసి, లోపల ఎల్ఈడీ పెట్టి, హాల్లో డిస్‌ప్లే చేయడం.

గ్రైండర్ ఆగిపోయింది

ఇక్కడ గంటల లెక్కన జాగా, పనిముట్లు అద్దెకిచ్చే వర్క్‌షాపులు ఉంటాయి. నేను గ్రైండర్ తీయగానే పక్క బేలో ఉన్న రిటైర్డ్ మెకానిక్ ఒకాయన పరిగెత్తుకొచ్చారు. "ఇది మెగ్నీషియం కేసు. దీని రజను అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా మండుతుంది" అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న: "కోసే ముందు లోపల ఏం బతికుందో చూశావా?"

చూడలేదు. సిగ్గేసింది. గ్రైండర్ పక్కన పెట్టి, స్పానర్ తీశాను.

లోపల ఏముంది?

ముందు ఆయిల్ దింపాం. డ్రెయిన్ ప్లగ్‌కి ఒక అయస్కాంతం ఉంటుంది. అరిగిన ఇనప రజనంతా దానికే అంటుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే అది గేర్‌బాక్స్ లాగ్ ఫైల్. మెత్తటి బురదలా ఉంటే మామూలు అరుగుదలే. గట్టి ముక్కలు కనిపిస్తే ఎక్కడో పన్ను విరిగినట్టు. మాకు బురదే కనిపించింది.

ముందు కవర్ నట్లు విప్పి, మధ్య ప్లేటును జాగ్రత్తగా లాగితే రెండు షాఫ్టులు, వాటి మీది గేర్లు మొత్తం ఒకే సెట్‌గా బయటికొస్తాయి. జిగురు లేదు, హీట్ గన్‌తో స్క్రీన్ వేడి చేసి గుండె అరచేతిలో పెట్టుకోవడం లేదు. నట్లు, సర్‌క్లిప్‌లు, అంతే.

ఒక అపోహ అక్కడే పోయింది. గేర్ మార్చినప్పుడు పళ్లు ఒకదాన్నొదిలి ఇంకోదాన్ని పట్టుకుంటాయనుకుంటాం. ఇందులో ముందుకెళ్లే ఐదు గేర్ల జతలూ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. మనం లివర్‌తో చేసేది వాటిలో ఒకదాన్ని షాఫ్టుకి లాక్ చేయడమే. ఆ లాక్ పడేముందు రెండింటి స్పీడు సమానం కావాలి. ఆ పని సింక్రో రింగ్‌ది. పోర్షే పాత డిజైన్‌లో అది ఒకచోట చీలిన స్టీల్ ఉంగరం. స్లీవ్ వచ్చి రుద్దుకోగానే అది విచ్చుకుని అడ్డుపడుతుంది, స్పీడు కలిశాక దారి ఇస్తుంది. 1987లో వచ్చిన జీ50 గేర్‌బాక్స్‌తో 911 ఈ పద్ధతి వదిలేసి, చాలా కార్లలో ఉండే కోన్ రకం సింక్రోకి మారింది.

ఇంకో తమాషా. ఈ 901 రకం గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ ఎడమవైపు కిందికి, రివర్స్ దానికి ఎదురుగా పైకి. స్టైల్ కోసం అనుకున్నాను. విప్పితే అర్థమైంది: ఫస్ట్, రివర్స్ రెండూ ముందు కవర్‌లో పక్కపక్కనే ఉన్నాయి, రెండింటికీ ఒకటే ఫోర్క్. రెండు-మూడు ఒక లైను, నాలుగు-ఐదు ఇంకో లైను.

పళ్లు లెక్కపెట్టాను. ఫస్ట్ గేర్ 11కి 34. క్రౌన్, పినియన్ 7కి 31. రెండూ గుణిస్తే ఇంజిన్ దాదాపు 13.7 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు.

అసలు పరీక్ష

సెకండ్ గేర్ సింక్రో రింగ్ నున్నగా అరిగిపోయింది. ఫస్ట్ గేర్ లాకింగ్ పళ్లు గుండ్రమయ్యాయి. కానీ క్రౌన్, పినియన్ జత మాత్రం అద్దంలా ఉంది. డిస్‌ప్లేకి హీరో అదే అని ఫిక్సయిపోయాను.

అప్పుడు ఆయన నెమ్మదిగా చెప్పారు. ఆయన ఫ్రెండ్ 911 ఒకటి పినియన్ పన్ను విరిగి షెడ్‌లో పడుంది. ఈ రెండూ ఫ్యాక్టరీలో జతగా తయారై, జత నంబర్ వేసుకుని వస్తాయి. ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకోవడం కుదరదు. పైగా పినియన్, షాఫ్టు ఒకే ముక్క. ఇస్తే గేర్లన్నీ ఊడదీసి షాఫ్టుతో సహా ఇవ్వాలి.

ఆయన అడగలేదు. చెప్పి ఊరుకున్నారు. అడిగుంటే కాదనడం ఈజీ అయ్యేదేమో.

రెండు రోజులు ఆలోచించాను. డబ్బులు పెట్టి కొన్నది నేనే. కానీ రోడ్డెక్కాల్సిన ముక్కని ఎల్ఈడీ కింద పెట్టి మురిసిపోతే, కాలేజీలో పెయింట్ వేసిన మోడల్‌కీ దీనికీ తేడా ఏముంది? మూడో రోజు ఇచ్చేశాను. బదులుగా ఆ కారులోంచి తీసిన విరిగిన జత నాకొచ్చింది.

ఇప్పుడు హాల్లో

కేసుని కోయలేదు. శుభ్రం చేసి, పగులు కనిపించేలా పక్కన నిలబెట్టాను. లేజర్‌తో కోయించిన అక్రిలిక్ ప్లేట్లలో బేరింగ్‌లు కూర్చోబెట్టి, షాఫ్టుల్ని మధ్య ప్లేటుతో సహా ప్లైవుడ్ స్టాండ్ మీద బిగించాను. చేత్తో తిప్పితే తిరుగుతుంది. విరిగిన పన్ను దగ్గరికి రాగానే "టక్" అంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఆ చప్పుడు గురించే.

మీరూ చేయాలంటే పోర్షే అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట స్క్రాప్‌లో మారుతి 800 గేర్‌బాక్స్ వెతకండి, సూత్రం అదే. విప్పే ప్రతి స్టెప్ ఫోటో తీయండి, షిమ్‌లు ఏ వరసలో ఉన్నాయో రాసుకోండి, అల్యూమినియమా మెగ్నీషియమా తేల్చుకోకుండా గ్రైండర్ ముట్టుకోకండి. కోసే ముందు అక్కడే ఏ మెకానిక్ అన్నకో ఒకసారి చూపించండి: "అన్నా, ఇందులో ఎవరికైనా పనికొచ్చేది ఉందా?"

పోయిన నెల ఆ 911 మా వీధిలోకి వచ్చింది. పక్క సీట్లో కూర్చోబెట్టారు. ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు నేను లివర్ వైపు చూడలేదు, వెనకవైపు చప్పుడు కోసం చెవులు రిక్కించాను. "టక్" రాలేదు.