ఏ ఇంటికి ఏ శునకం?

ఆహారమైనా, ఔషధమైనా దేశానికీ, కాలానికీ, సేవించే మనిషికీ తగినదై ఉండాలని ఆయుర్వేదం చెబుతుంది. ఒంటికి సరిపడే ఆ గుణాన్నే ‘సాత్మ్యం’ అంటారు. కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు కూడా ఈ సూత్రాన్నే పాటించాలని నేను ఆలస్యంగా గ్రహించాను.

సిర్గాపూర్‌లో మాది రేకుల ఇల్లు. పిల్లలు ముచ్చటపడ్డారని హైదరాబాదు నుండి పగ్ జాతి పిల్లను తెచ్చాను. వైశాఖ మాసంలో ఒక మధ్యాహ్నం అది రొప్పుతూ కూలిపోయింది. పశువైద్యుని వద్దకు చేర్చేలోగానే ప్రాణం విడిచింది.

కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. అది ముఖ్యంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే వేడిని తగ్గించుకుంటుంది. ముక్కు అణగిన జాతులకు శ్వాసమార్గం ఇరుకు కనుక ఆ పని సరిగా సాగదు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి శీతల దేశపు జాతులకు దట్టమైన బొచ్చే భారమవుతుంది.

తీరిక, స్థలం

లాబ్రడార్ సౌమ్యమైనది, పిల్లలతో కలిసిపోతుంది. అయితే రోజూ నడిపించకపోతే ఒళ్లు చేసి కీళ్ల బాధల పాలవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి అది తగదు. జర్మన్ షెపర్డ్‌కు ఓపికగా శిక్షణనిచ్చే యజమాని కావాలి. కర్ణాటకలోని ముధోల్ పేరు మోసిన వేటకుక్క మన ఎండలను తట్టుకుంటుంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్లను వెలువరించింది. పరుగెత్తడానికి పొలం ఉన్నవారికి అది తగినది. అద్దె గదులలో ఉండేవారికి కాదు. సామాన్య కుటుంబానికి మన ఊరకుక్క పిల్లే మేలు. ఈ నేలకూ, ఈ ఎండకూ తరతరాలుగా అలవాటు పడినదది.

ఆహారం

మనకు ఔషధమైన వెల్లుల్లి, నిత్యం వాడే ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కనుక కూర కలిపిన అన్నం పెట్టరాదు. ద్రాక్ష, చాక్లెట్ కూడా దానికి విషమే.

టీకా

ఏ జాతియైనా మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టి కాలయాపన చేయరాదు. నీటిని చూసి భయపడే స్థితి వస్తే రోగి దక్కడని సుశ్రుతుడు కల్పస్థానంలో ఆనాడే హెచ్చరించాడు. ఇంటివైద్యాన్ని నమ్మే నేను కూడా ఈ ఒక్క విషయంలో టీకానే నమ్ముతాను.

ప్రస్తుతం మా వాకిట వేపచెట్టు నీడన ఊరకుక్క పిల్ల ఒకటి పెరుగుతున్నది. మూడు వేసవులు సుఖంగా గడిపింది.