రిఫరీ ఎందుకు విజిల్‌ ఊదలేదు?

ఓ సాయంత్రం యాప్రాల్‌లో యౌవనస్థులు ఆడుతున్న బాస్కెట్‌బాల్‌ ఆట చూస్తూ నిలబడ్డాం. బంతితో దూసుకెళ్తున్న కుర్రవాడికి ఎదుటి జట్టువాడి చెయ్యి తగిలింది. అతడు తూలలేదు, బంతి వదల్లేదు. నేరుగా వెళ్లి బాస్కెట్‌లో వేసేశాడు. రిఫరీ విజిల్‌ ఊదలేదు. ‘చెయ్యి తగిలింది కదా, రూలంటే రూలే!’ అన్నారు పక్కనున్న పెద్దాయన. మాకూ అలాగే అనిపించింది. కానీ విజిల్‌ ఊదితే ఆట అక్కడే ఆగిపోయి, దెబ్బ తగిలినవాడికే ఆ బాస్కెట్‌ దక్కకుండా పోయేది!

అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిబా’ నిబంధనలే రిఫరీకి ఆ వివేచననిచ్చాయి. తాకిన ప్రతిసారీ ఫౌల్‌ కాదు, దానివల్ల ఎవరైనా అన్యాయంగా లాభపడ్డారా అన్నది తూచాలి. ఆ తూకం మాత్రం రెండు జట్లకూ ఒకేలా ఉండాలి. బంతి గీత దాటిందా లేదా అన్నచోట ఇక వెసులుబాటే లేదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఈ ఆటను రూపొందించిన జేమ్స్‌ నైస్మిత్‌ వేదాంతశాస్త్రం చదివినవాడు. ఆయన రాసిన 13 నిబంధనల్లోనే, గాయపరచాలన్న ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే ఆటగాణ్ణి ఆ ఆట మొత్తానికీ బయటికి పంపాలని ఉంది. ఉద్దేశాన్ని కొలిచే కొలబద్ద ఏది? మనిషి చూసి తేల్చవలసిందే.

ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతిదినాన వెన్నులు తుంచారని పరిసయ్యులు విజిల్‌ ఊదారు. ప్రభువు వారికి దావీదు తిన్న సముఖపు రొట్టెల్ని గుర్తుచేశాడు (మార్కు 2:23-28). అలాగని ఆయన ధర్మశాస్త్రాన్ని కొట్టిపారేయలేదు. పదోవంతు చెల్లిస్తూనే న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచిపెట్టవద్దన్నాడు (మత్తయి 23:23).

మరి మన సంఘాల్లో? కూలిపనివల్ల ఆదివారం ఆరాధనకు రాలేకపోయిన సహోదరికి నిబంధన చదివి వినిపిస్తాం. పెద్ద కానుకలిచ్చే సహోదరుడు నెలల తరబడి రాకపోతే ‘పాపం, తీరిక దొరకలేదేమో’ అంటాం. అది కనికరం కాదు, యాకోబు గద్దించిన పక్షపాతం (యాకోబు 2:1-9). బలహీనుడికి రూలు, బలవంతుడికి దయ అయితే ఆ విజిల్‌ అమ్ముడుపోయినట్టే!

ఆ సాయంత్రం కాసేపటికి రెండో జట్టువాడికీ అలాగే చెయ్యి తగిలింది. అతడూ ఆగకుండా ముందుకెళ్లాడు. రిఫరీ అప్పుడూ విజిల్‌ ఊదలేదు. పెద్దాయన చిరునవ్వు నవ్వారు. ఈ వారం ఎవరి తప్పునైనా తేల్చవలసి వస్తే, అదే తప్పు మన ఇంటివాడు చేస్తే ఏమంటామని ముందుగా మనల్ని మనం ప్రశ్నించుకుందామా?