గీజర్ ప్లగ్ మాడితే తప్పు గీజర్‌దేనా?

చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో గీజర్ స్విచ్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన మొదలవుతుంది. ప్లగ్ పీకి చూస్తే ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. అప్పుడు ఇంట్లో వినిపించే మాటల్లో సగం నిజం కావు.

‘గీజర్ పాడైంది, కరెంటు ఎక్కువ లాగుతోంది.’

చాలాసార్లు గీజర్ తప్పేమీ ఉండదు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ 13 ఆంపియర్లూ ఫేజ్ పిన్నులోంచి వెళ్లి న్యూట్రల్ పిన్నులోంచే తిరిగొస్తాయి. కరెంటు ఎక్కువైతే రెండూ వేడెక్కాలి కదా! ఒక్కటే మాడిందంటే అక్కడ కనెక్షన్ లూజుగా ఉన్నట్టే. ఆ లూజు జాయింట్‌లో 0.2 ఓముల నిరోధం ఉన్నా చాలు, దాదాపు 34 వాట్ల వేడి పుడుతుంది. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్ లోపల పెట్టి వదిలేసినట్టే. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది, సాకెట్‌లో పిన్నును పట్టి ఉంచే రేకు పట్టు సడలుతుంది, జాయింట్ మరింత వేడెక్కుతుంది.

‘లో వోల్టేజీ వల్లే కాలింది.’

మోటార్లకు ఆ భయం ఉంది. గీజర్ కాయిల్‌కు వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

‘ఎంసీబీ పడలేదు, కాబట్టి భయం లేదు.’

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎంసీబీ చూసేది కరెంటు మితిమీరిందా అని. లూజు జాయింట్ కరెంటును పెంచదు, కాస్త తగ్గిస్తుంది కూడా. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నా అది కనిపెట్టేది లీకేజీనే. ప్లాస్టిక్ కరిగిపోతున్నా రెండూ కదలకపోవచ్చు. ఇక్కడ ముందుగా హెచ్చరించేది మీ ముక్కే. వాసన రాగానే గీజర్ వాడకం ఆపేయండి.

‘సాకెట్ మార్చేస్తే సరిపోతుంది.’

కొత్త సాకెట్ కొన్నాళ్లకే మళ్లీ మాడటానికి కారణం ఈ సగం పనే. నల్లబడి గరుకెక్కిన పాత పిన్ను కొత్త రేకును కూడా పాడుచేస్తుంది. ప్లగ్, సాకెట్ రెండూ మార్చాలి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పాలి. వైరు చివర నల్లబడి, పైపొర గట్టిపడి పెళుసెక్కి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి. పోగులన్నీ మెలిపెట్టి రంధ్రంలోకి పోనిచ్చి స్క్రూ బిగించాలి. ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు, వైరు పైపొర స్క్రూ కింద నలగకూడదు. బిగించాక వైరు లాగి చూడాలి. ఈ లాగి చూడటాన్నే చాలామంది వదిలేస్తారు.

టేపు చుట్టడం మరమ్మతు కాదు, టేపు జాయింట్‌ను బిగించదు. 16 ఆంపియర్ల ప్లగ్‌ను కన్వర్టర్ పెట్టి 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించడం ఇంకా ఘోరం. సన్నటి వైరు ఉన్నచోట పెద్ద ఎంసీబీ వేయిస్తే గోడలోని వైరుకున్న రక్షణ కూడా పోతుంది.

పని పూర్తయ్యాక పది నిమిషాలు గీజర్ నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి పిన్నులు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పిన్నులు బాగానే ఉండి స్విచ్ వేడెక్కి ఉంటే, మెయిన్ ఆపి స్విచ్ వెనక స్క్రూలు చూడమనండి.