‘డాక్టర్ హూ’ ధారావాహికయందు పాత్రపోషణము

ధారావాహికలందు సంఘటనల కొఱకు పాత్రలను కల్పించుట పరిపాటి. బ్రిటనులో బి.బి.సి. వారు 1963 నవంబరు 23న ప్రసార మారంభించిన ‘డాక్టర్ హూ’ అను విజ్ఞానకల్పనా టెలివిజన్ ధారావాహికయందు మాత్రము పాత్రయే కథకు మూలమని మేము తలంచుచున్నాము.

కాలయంత్రమున సంచరించు నీ వృద్ధనాయకుడు తొలి కథలో ధీరోదాత్తుడు గాడు. ఆదిమానవుల యడవిలో గాయపడినవానికి తోడివారు ఉపచారము చేయుచుండగా, పలాయనమునకు విఘ్నమయ్యెనని యాతడు రాయి చేతబట్టును. సహచరుడగు ఉపాధ్యాయుడు ఇయాన్ ఆ చేయి పట్టుకొనును. దారి గీయించుటకే రాయి తీసితినను డాక్టరు మాటను నమ్ము ప్రేక్షకు డుండడు. 1964 డిసెంబరులో ఆ నాయకుడే, తన్ను విడువలేక తల్లడిల్లు మనుమరాలు సూసన్ తాను వలచినవానితో భూమిపై సుఖముగ నుండవలెనని, యంత్రద్వారమును స్వయముగ మూసి వెడలిపోవును. నడుమ గడచినది ఇంచుమించు ఒక్క వత్సరము. ఈ మార్పునకు హేతువు సహచరుల సాంగత్యమే. ఆ కథలోని శత్రువుల దండయాత్ర నిమిత్తమాత్రము.

అసలు పరీక్ష 1966లో వచ్చినది. నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణింపగా, అక్టోబరు 29న ప్రసారమైన భాగమున డాక్టరు రూపాంతరము నొంది పాట్రిక్ ట్రౌటన్ ఆయెను. ఇది మన కథలలోని పరకాయప్రవేశము గాదు. అచట ఆత్మ పరశరీరమును జేరును; ఇచట స్వశరీరమే మాఱును, నడవడియు కొంత మాఱును. ఆలంకారికుల మాటలో సంచారులు మాఱి స్థాయి నిలిచినదన్నమాట. (ఈ పోలికను ఇంతకంటె సాగదీయరాదు.) ఈతడు ఆతడేనా యను ప్రేక్షకుని సందేహమును రచయితలు కప్పిపుచ్చలేదు. దానిని సహచరులకే పంచి యిచ్చిరి: పాలీ నమ్మజూచును, బెన్ శంకించును. కొత్తవాడు తన్ను సమర్థించుకొనక వేణువూదుచు కూర్చుండును. ఆ కథయొక్క చిత్రభాగములు తరువాత బి.బి.సి. నిక్షేపములయందే చెఱిపివేయబడినవి. శబ్దము మిగిలినది. దానిని విన్నను బెన్ గొంతులోని శంక యెక్కడ సడలినదో తెలియుచునే యున్నది.