ఆగిన గుండె మళ్లీ ఆడితే?

‘గుండె ఆగింది’ అంటే మన తెలుగులో మనిషి పోయాడని అర్థం. ఆ మాట తర్వాత మరి చెప్పవలసిందేమీ వుండదు. వినేవాళ్లు కండువా నోటికి అడ్డం పెట్టుకుంటారు. దుఃఖం వస్తే మనకు గుండె చెరువవుతుంది. ధైర్యం కావలసివస్తే గుండె రాయి చేసుకుంటాము. భయపడితే గుండె జారుతుంది. యిటువంటి నుడికారాలతో కాలం గడిపే తెలుగు మేష్టరును గనుక, ఆగిన గుండెను మళ్లీ ఆడించి వేరొకరి రొమ్ములో అమర్చుతున్నారని చదివినప్పుడు నాకు మొదట తట్టినది యీ మాటే. గుండె ఆగితే మనిషి పోయినట్లు గదా, మరి ఆ గుండె మళ్లీ ఆడితే ఆ మనిషి యేమైనట్లు?

కథ మొదటినుంచీ చెప్పుకుందాము. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ నగరంలోని గ్రూట్ షూర్ ఆస్పత్రిలో, డాక్టరు క్రిస్టియాన్ బర్నార్డ్ మొట్టమొదటిసారిగా ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చారు. కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, యిక బ్రతకదని తేలిన ఒక యువతి గుండె అది. శ్వాసయంత్రం ఆపి, గుండె ఆగిన తర్వాతనే దానిని తీశారు. అందుకున్న ఆయన 18 రోజులు బ్రతికి, న్యుమోనియాతో కన్నుమూశాడు. అంటే తొలి గుండె కూడా ఆగిన గుండే! యిచ్చేవారు, పుచ్చుకొనేవారు పక్కపక్క గదులలో వుండబట్టి అది సాగింది.

మరుసటి యేడు, 1968లో, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి సంఘం ఒకటి, మెదడు తిరిగి కోలుకోని విధంగా పనిచేయడం మానితే దానినే మరణంగా లెక్కించవచ్చునని చెప్పింది. అప్పటినుంచి వైద్యులు మెదడు చనిపోయి, యంత్రాల ఆసరాతో గుండె యింకా ఆడుతూ వున్న దాతలవైపు తిరిగారు. మన దేశంలో అందుకు చట్టం 1994లో వచ్చింది. ఆ యేడే ఆగస్టు 3న, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, మన రాజమండ్రిలో పుట్టిన డాక్టరు వేణుగోపాల్ దేశంలో తొలిసారి విజయవంతంగా గుండెమార్పిడి చేశారు.

ఆగిన గుండెలను యిన్నాళ్లూ యెందుకు వదిలేశారంటే, గుండె ఆకలికి ఆగలేని అవయవం. నెత్తురు అందకపోయినా, శరీరం వేడిగా వున్నంతసేపూ దాని కండ తనలో దాచుకొన్న శక్తిని ఖర్చుపెడుతూనే వుంటుంది. ఆ శక్తి తరిగేకొద్దీ ఆమ్లం పేరుకొని కండ బిగుసుకుపోతుంది. సుమారు అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. మంచులో పెడితే ఆకలి తగ్గుతుంది గాని తీరదు. అదీ నాలుగు గంటలపాటే. పైగా మంచుపెట్టెలో నిశ్చలంగా పడివున్న గుండె మంచిదో చెడ్డదో, రోగి రొమ్ములో అమర్చేదాకా తెలియదు. అంతటి జూదానికి యే వైద్యుడు సాహసిస్తాడు?

యీ చిక్కును 2014లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రివారు విప్పారు. ఆగిన గుండెను తీసి, రక్షకద్రవంతో కడిగి, చిన్న బండివంటి పెట్టెలో పెట్టారు. అందులో దాత నెత్తురే వెచ్చగా, ప్రాణవాయువుతో కలిసి, గుండె నాళాలలోకి ప్రవహిస్తుంది. గుండె మళ్లీ ఆడుతుంది! నెత్తురులోని లాక్టేటు అనే ఆమ్లాన్ని గంటగంటకూ కొలుస్తూ, అది తగ్గితే గుండె కోలుకొంటున్నదని గ్రహిస్తారు. గుడ్డిగా అమర్చడం పోయి, పరీక్షించి అమర్చడం వచ్చింది. 2023లో అమెరికావారు ప్రకటించిన ఫలితాలలో, యిటువంటి గుండె పొందినవారిలో ఆరు నెలల తర్వాత నూటికి 94 మంది జీవించి వున్నారు. మెదడు చనిపోయిన దాతల గుండె పొందినవారిలో 90 మంది. ఆగిన గుండె యేమాత్రం తీసిపోలేదన్నమాట.

యిప్పుడు నా ప్రశ్నకు వస్తాను. యీ దాతలు యిక కోలుకొనే ఆశ లేనివారు. యంత్రాలు తీసివేయాలన్న నిర్ణయం ముందుగా జరగాలి. దానమాట ఆ తర్వాతనే. గుండె ఆగిన పిమ్మట చాలాచోట్ల అయిదు నిమిషాలు యెవరూ ముట్టుకోరు. అది తనంతట తిరిగి ఆడదని నిశ్చయమైన తర్వాతనే మరణం ప్రకటిస్తారు. మరణం ప్రకటించే వైద్యులు వేరు, గుండెను తీసే వైద్యులు వేరు. అమెరికాలో డెన్వర్ వైద్యులు పసిపిల్లల విషయంలో 75 సెకన్లే ఆగామని 2008లో ప్రకటించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. రేగడం మంచిదే, యింత గొప్ప దానంలో తొందరకు చోటు వుండకూడదు.

2015లో ఇంగ్లండులోని పాప్‌వర్త్ ఆస్పత్రివారు మరొక పద్ధతి ఆరంభించారు. మెదడుకు పోయే నాళాలను మూసి, దాత శరీరంలోనే గుండెను తిరిగి ఆడిస్తారు. యిక్కడే తర్కం ముదిరింది. అదే శరీరంలో గుండె ఆడుతూ వుంటే మరణం యెట్లా అని కొందరు అడుగుతారు. మెదడుకు నెత్తురు యిక యెన్నటికీ చేరదు గనుక మనిషి తిరిగిరాడని మరికొందరు అంటారు. నా మట్టుకు రెండవ మాటే సబబుగా తోస్తుంది. అయినా మొదటివారి సందేహాన్ని కొట్టిపారవేయలేను.

మన చట్టం మరణాన్ని రెండు విధాలా, అంటే మెదడుకాండం చావడం వల్లనూ, గుండె, ఊపిరి ఆగడం వల్లనూ గుర్తిస్తున్నది. అయితే మన వూళ్లలో గుండెదానమంటే మెదడు చనిపోయినవారి దానమే. 2025 జనవరిలో హైదరాబాదు మెట్రోరైలు అటువంటి గుండెను ఎల్.బి. నగర్ నుంచి లక్డీకాపూల్‌కు, 13 కిలోమీటర్లు 13 నిమిషాలలో చేర్చింది.

యే పద్ధతి వచ్చినా చివరకు ఆస్పత్రి వరండాలో నిలబడి ‘సరే’ అనవలసినవారు ఆలుబిడ్డలూ తల్లిదండ్రులే. ఆ ఘడియలో ఆలోచించే శక్తి యెవరికి వుంటుంది? అందుచేత భోజనాల దగ్గర, అందరూ కులాసాగా వున్నప్పుడే, ‘నా తర్వాత నా గుండెను యివ్వండి’ అనో, ‘వద్దు’ అనో ఒక మాట చెప్పివుంచడం మేలు. అశుభమని యింట్లో పెద్దవాళ్లు కసురుతారేమో! కసిరినా ఆ మాట మాత్రం వారి చెవిన పడివుంటుంది.